ఆ నాలుగో సాలు

విత్తనం వేసిన ఎనిమిదో రోజున చేలో మోకాళ్ళ మీద కూర్చుని మట్టి పెచ్చులు లేపుతున్నాను. ఒక్కో పెచ్చు అరచేయంత వెడల్పు ఉంది, గోరు పెడితే గానీ కదలడం లేదు. దాని కింద పొద్దుతిరుగుడు మొలక తెల్లగా పాలిపోయి, మెడ వంచుకుని, పైకి రావడానికి దారి లేక పక్కకి పాకి ఉంది. కొన్నిటికి మెడ విరిగింది. పెచ్చు లేపిన చోట మొలకలు సాయంత్రానికి కాస్త రంగు తిరిగాయి. లేపని చోట అక్కడే కుళ్ళాయి. ఎకరాలకి ఎకరాలు గోటితో లేపుకుంటూ పోలేం కదా.

పెచ్చు కట్టించింది వానే. కానీ ఆ వానకి మట్టిని సిద్ధం చేసి పెట్టింది నేను. నాగలి దుక్కి అయ్యాక, బెడ్డలు చిదిపే డిస్క్ హారోని చేనంతా రెండు సాళ్ళు, అంటే రెండు విడతలు, తోలించాను. అప్పటికే విత్తుకోవచ్చు. అక్కడక్కడా గుప్పెడంత బెడ్డలు కనిపిస్తున్నాయని మూడోది తోలించాను. అప్పుడు ట్రాక్టరు మీదున్న కుర్రాడు, "అన్నా, ఇంకొక్క సాలు తోలితే పిండే ఇక" అన్నాడు. తోలమన్నాను. ఆ సాయంత్రం ఏటవాలు ఎండలో చేను గీత గీసినట్టు, జల్లెడ పట్టినట్టు ఉంది. కాలు పెడితే మడమ దిగబడింది. గట్టు మీద నిలబడి చాలాసేపు చూసుకున్నాను. రెండు రోజులకి విత్తనం పడింది. మర్నాడు అరగంట గట్టి వాన, ఆ వెనకాల నాలుగు రోజులు మండుటెండ.

అదే చేలో ఒక మూల ఉంది. ట్రాక్టరు తిరగడానికి చోటు చాలక రెండు సాళ్ళతోనే వదిలేసిన చిన్న ముక్క. అదే విత్తనం, అదే రోజు, అదే వాన. అక్కడ మొలక దాదాపు పూర్తిగా వచ్చింది. బెడ్డల మధ్య సందుల్లోంచి రెండేసి ఆకులు విప్పుకుని నిలబడ్డాయి.

ఆ మూలే నా చేత ఇదంతా రాయిస్తోంది. గుంటక అనండి, దంతె అనండి, డిస్కు అనండి, హారో అనే పనిముట్టు చేసే పని చిన్నది. అది అయిపోగానే ఆపాలి. మనం మాత్రం కంటికి ఇంపుగా కనిపించేదాకా తోలుతున్నాం. పని అయిన చోటికీ కన్ను తృప్తిపడే చోటికీ మధ్య ఉన్న ఆ ఒకటి రెండు సాళ్ళే నేలని తింటున్నాయి. ఈ మాట అంటే సేద్యం తెలిసినవాళ్ళే చాలామంది ఒప్పుకోరు. మొదట ఒప్పుకోనిది మా నాన్న. ఆయన లెక్కలో బెడ్డలున్న చేను అంటే బద్ధకస్తుడి చేను.

నిజానికి హారో ఎందుకు పుట్టిందో చూస్తే ఆయన మాటలో సగం నిజం ఉంది. నాగలి మట్టిని కోసి తిరగేసి వదిలేస్తుంది. పెద్ద బెడ్డల మధ్య పడిన గింజకి చుట్టూ ఉండేది గాలి. మొక్కజొన్న గింజ మొలకెత్తాలంటే తన బరువులో దాదాపు మూడో వంతు నీళ్ళు పీల్చుకోవాలి, సోయా గింజకైతే సగం దాకా కావాలి. ఆ నీళ్ళు అందాలంటే తడి మట్టి గింజని అన్ని వైపులా ఒత్తుకుని ఉండాలి. అందుకే బెడ్డ చిదపాలి, పైభాగం సర్దాలి, పాత పంట మోళ్ళు కాస్త కలపాలి, అప్పుడే లేస్తున్న కలుపుని పీకాలి. ఈ అవసరం ఎంత పాతదంటే, నార్మన్లు ఇంగ్లండ్‌ని జయించిన కథ చెప్పే, 11వ శతాబ్దంలో కుట్టిన బేయూ బట్టపటం అంచున కూడా గుర్రం లాగుతున్న దంతె కనిపిస్తుంది. నాగలి ఉన్న ప్రతి చోటా దాని వెనకాల ఏదో ఒక రూపంలో ఇదీ ఉంది.

రూపాలు వేరు కాబట్టి నేల మీద వాటి పనీ వేరు. ఇనుప మేకులు దిగేసిన దంతె పైపైన రెండు మూడు అంగుళాలు గీరుతుంది, చిన్న బెడ్డలు చిదుపుతుంది. స్ప్రింగు పళ్ళది మట్టిలో వణుకుతూ వెళ్తుంది, కింద ఉన్న వేళ్ళని లాగి పైకి తెస్తుంది. గొలుసుల హారో పచ్చిక బయళ్ళలో పేడకుప్పలు చెదరగొట్టడానికి, చదును చేయడానికి సరిపోతుంది. బ్లేడు గుంటక నేలలోపల అడ్డంగా జారుతూ కలుపు వేళ్ళని కోస్తుంది, మట్టిని పెద్దగా తిరగేయదు. డిస్క్ హారో సంగతి వేరు. పదునైన పళ్ళేలు కొంచెం ఏటవాలుగా దొర్లుతూ, తమ బరువుతోనే దిగబడి, కోస్తాయి, తిప్పుతాయి, పక్కకి విసురుతాయి. నాలుగు నుంచి ఆరు అంగుళాల లోతు దాకా వెళ్తాయి. ఇక ఇంజను శక్తితో తిరిగే పవర్ హారో, దాని దగ్గరి చుట్టం రోటవేటరూ ఉన్నాయి. మట్టిలో పదును, అంటే దుక్కికి సరిపడే తడి, లేకపోయినా వీటికి పనే, బెడ్డ ఎంత గట్టిదైనా పనే. ఎద్దు అలసిపోతే దుక్కి ఆగేది. ఇంజను అలసిపోదు. ఎప్పుడు ఆపాలో చెప్పే సంకేతం ఒకటి మనకి లేకుండా పోయింది.

ఇక బెడ్డ లోపలికి వెళ్దాం, ఎందుకంటే అసలు నష్టం జరిగేది అక్కడే.

గట్టు పక్కన ఏళ్ళ తరబడి దున్నని చోట గడ్డి కింద నుంచి ఉసిరికాయంత మట్టి ముద్ద ఒకటి తీయండి. నాలుగు సాళ్ళ చేలోంచి అంతే ముద్ద ఇంకొకటి తీయండి. రెండిటినీ నీడలో బాగా ఆరబెట్టి, రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి, ఇనుప జల్లెడ ముక్క మీద పెట్టి మెల్లగా ముంచండి. ఇది నేల పరీక్షల్లో పాతది, ఎవరైనా ఇంట్లో చేసుకోగలిగేది. నేను చేసినప్పుడు చేలోంచి తెచ్చిన ముద్ద నిమిషం కూడా నిలవలేదు, బుడగలు వదిలి పొడిపొడిగా రాలి, గ్లాసు అడుగున బురదై కూర్చుంది. గట్టు పక్కది గంట తర్వాత కూడా ముద్దగానే ఉంది, నీళ్ళు తేటగా ఉన్నాయి. రెండూ ఒకే నేల. ఇసుక, ఒండ్రు, బంక పాళ్ళు కూడా ఒకటే. తేడా అంతా వాటిని పట్టుకుని ఉన్న జిగురులో ఉంది.

ఆ జిగురు ఒక్కటి కాదు. 1982లో ఆస్ట్రేలియాలో టిస్డాల్, ఓడ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని మెట్లు మెట్లుగా విడదీసి చూపించారు. పావు మిల్లీమీటరు కన్నా చిన్న రేణుగుచ్ఛాలు పాత సేంద్రియ పదార్థంతో గట్టిగా అతుక్కుని ఉంటాయి, వాటిని విడగొట్టడం తేలిక కాదు. అవి కలిసి కట్టుకునే పెద్ద గుళికలు మాత్రం సన్నని వేళ్ళతో, బూజు పోగులతో అల్లుకుని నిలబడతాయి. సూక్ష్మజీవులు వదిలే జిగట కొన్ని వారాలే ఉంటుంది, వేళ్ళూ పోగులూ కొన్ని నెలలు, మహా అయితే కొన్నేళ్ళు. అంటే మనం మంచి నేల అని చేత్తో పట్టుకుని సంతోషించే ఆ గుల్లదనం ఎప్పటికప్పుడు కట్టుకుంటూ ఉండాల్సిన ఇల్లు. పళ్ళేలు, దంతాలు మొదట తెంచేది ఆ పోగులనే. పావు మిల్లీమీటరు లోపలి కట్టడం మిగులుతుంది, పైకట్టడం పోతుంది. మనం దాన్ని మెత్తటి దుక్కి అంటాం.

గుళిక పగిలితే దాని లోపల గాలి తగలకుండా దాగి ఉన్న సేంద్రియ పదార్థం బయటపడుతుంది. సూక్ష్మజీవులకి అది విందు. దున్నిన గంటల్లోనే నేలలోంచి బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా వెలువడడాన్ని పరికరాలతో కొలిచారు. దాంతోపాటు కాస్త నత్రజని విడుదలై పైరు ఆ ఏడాది పచ్చగా లేస్తుంది. ఇక్కడే మనం మోసపోతాం. ఎక్కువ తోలితే పైరు బాగా వచ్చిందన్న అనుభవం అబద్ధం కాదు. అది నేల పొదుపు చేసుకున్నది కరిగించి పెట్టిన తిండి. ప్రతి ఏడూ కరిగిస్తూ, తిరిగి వేసేది తక్కువైతే జిగురు చేసే జీవులకి మేత ఉండదు, జిగురు తగ్గుతుంది, బెడ్డలు మరింత గట్టిపడతాయి, వాటిని పగలగొట్టడానికి ఇంకో సాలు కావాల్సి వస్తుంది. నాలుగో సాలు ఎందుకు అవసరమైందని ఎవరైనా అడిగితే, గత పదేళ్ళ నాలుగో సాళ్ళ వల్ల అని చెప్పాలి.

ఇప్పుడు పెచ్చు సంగతి. పెద్ద వానచుక్క నేలని తాకేటప్పుడు సెకనుకి తొమ్మిది మీటర్ల దాకా వేగంతో వస్తుంది. గట్టి గుళిక ఆ దెబ్బని కాసుకుంటుంది. పిండైన మట్టి కాసుకోలేదు. సన్న రేణువులు ఎగిరి, పక్క సందుల్లో పడి, ఒక్కో రంధ్రాన్నీ పూడుస్తాయి. పైన మిల్లీమీటరు మందాన మూత పడితే చాలు, నీళ్ళు దిగవు, పారతాయి. ఎండకి ఆ మూత బిగుస్తుంది. మొక్కజొన్న మొలక సూదిలా నిటారుగా వస్తుంది కాబట్టి ఎలాగో పొడుచుకుని బయటపడుతుంది. పొద్దుతిరుగుడు, చిక్కుడు, సోయా మొలకలు రెండు గింజ బద్దల్నీ మోసుకుంటూ, మెడ వంచి, నేలని వీపుతో ఎత్తినట్టు ఎత్తుకు రావాలి. వాటికి ఈ మూత ప్రాణాంతకం. నా చేలో జరిగింది అదే. బెడ్డలున్న మూలలో వానచుక్కల దెబ్బ బెడ్డల తలల మీద పడింది, నీళ్ళు సందుల్లోకి దిగాయి, మొలక ఆ సందుల్లోంచే వచ్చింది.

నేలని పిండి చేయాలన్న కోరిక మన చేతులది మాత్రమే అనుకోకండి, దానికి సిద్ధాంతం కూడా ఉండేది. జెత్రో టల్ అనే ఆంగ్లేయుడు 1731లో సేద్యం మీద పుస్తకం రాశాడు. మొక్క వేళ్ళు మట్టి రేణువులనే తింటాయని ఆయన నమ్మకం. రేణువు ఎంత సన్నగా ఉంటే అంత తేలికగా వేరు నోట్లోకి పోతుంది, అంచేత నేలని ఎంత మెత్తగా చేస్తే అంత ఎరువుతో సమానం అని వాదించాడు. వరసల్లో విత్తడం, వరసల మధ్య కలుపు తీయడం ప్రచారంలోకి తెచ్చిన మనిషి కాబట్టి ఆయన పంటలు నిజంగానే బాగా వచ్చాయి. కారణం మాత్రం తప్పు. వేళ్ళు నీళ్ళలో కరిగిన లవణాలని పీలుస్తాయి, మట్టిని మింగవు. సిద్ధాంతం పోయి ఎన్నాళ్ళో అయింది, దాని వెంట వచ్చిన అలవాటు పోలేదు.

రెండో సిద్ధాంతం ఇంకా ఖరీదైంది. 19వ శతాబ్దం చివర అమెరికా మైదానాల్లో హార్డీ వెబ్‌స్టర్ కాంప్‌బెల్ అనే ఆయన మెట్టసేద్యానికి ఒక పద్ధతి చెప్పాడు. కింది మట్టిని అదిమి, వాన పడిన ప్రతిసారీ పైన హారో తోలి, సన్నని దుమ్ము పొర ఒకటి కప్పి ఉంచాలని ఆయన బోధ. ఆ పొర కింది తేమని పైకి ఎక్కనివ్వదు, ఆరిపోనివ్వదు. వినడానికి ఎంత సబబుగా ఉందో. నేలలో సన్న గొట్టాల్లాంటి సందులు తెగిపోతే నీళ్ళు పైకి పాకవన్నది నిజమే. తర్వాత 1920ల్లో కాలిఫోర్నియాలో ఫ్రాంక్ వైమేయర్ అనే శాస్త్రవేత్త తొట్టెల్లోనూ తోటల్లోనూ తూకం వేసి చూశాడు. నీటి ఊట పైకే ఉన్న చోట్ల తప్ప, పైపొరని గీరడం వల్ల ఆవిరి పెద్దగా తగ్గలేదు. ఎందుకంటే గీరకపోయినా పైపొర తనంతట తానే ఆరి, అదే అడ్డుగా మారుతుంది. తేమని నిజంగా తోడేసేది కలుపు. గీరితే కలుపు చచ్చేది, ఆ మేలుని దుమ్ము పొర ఖాతాలో వేసుకున్నాం.

ఎండితే బీటలు తీసే బంకనేలల మాట వేరు. అక్కడ బీట లోతుగా తెరుచుకుని, పక్కగోడల నుంచి కూడా తేమ పోతుంది. అలాంటి నేలలో బీటలు మొదలవుతుండగా పైపైన ఒకసారి గుంటక తోలి నోరు మూస్తే మేలే. అన్ని నేలలకీ ఒకే మాట చెల్లదని నేను ఒప్పుకుంటాను, కానీ ఆ మినహాయింపుని అందరూ తమ నేలకే వర్తింపజేసుకుంటారు.

దుమ్ము పొర కథ ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు. అమెరికా పచ్చిక మైదానాలని గోధుమ కోసం దున్ని, డిస్కులతో పదే పదే చిదిపి, మోళ్ళు కూడా మిగలకుండా చేసిన నేల మీద 1930ల్లో కరువు వచ్చి పడింది. 0.84 మిల్లీమీటర్ల కన్నా చిన్న గుళికలని గాలి తేలిగ్గా లేపుకుపోగలదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. అక్కడ పైమట్టిలో చాలా భాగం ఆ లెక్కలోకే వచ్చింది. 1935 ఏప్రిల్ 14న లేచిన దుమ్ము గోడ పట్టపగలు చీకటి చేసింది. రెండు వారాల్లోపే అక్కడి చట్టసభ నేల సంరక్షణ చట్టం చేసింది. కరువు లేకపోతే అంత జరిగేది కాదు, గోధుమ ధరల ఆశ లేకపోతే అంత నేల తెగేది కాదు. తప్పంతా హారో మీద మోపడం న్యాయం కాదు. కానీ గాలికి అందేంత సన్నగా మట్టిని చేసి పెట్టిన పనిముట్లలో దానికీ వాటా ఉంది.

ఈ కథలో నన్ను బాగా కలవరపెట్టిన మనిషి ఎడ్వర్డ్ ఫాక్‌నర్ అనే అమెరికన్. 1943లో ఆయన తిరగేసే నాగలి మీద పెద్ద దాడి చేశాడు, ఆ మాటలు ఎంతోమందిని కదిలించాయి. మరి నాగలికి బదులు ఏం వాడమన్నాడు? డిస్క్ హారో. పచ్చిరొట్టనీ మోళ్ళనీ లోతుగా పాతిపెట్టకుండా పైపొరలోనే కలపమన్నాడు. ఆ కలపడం వరకు ఆయన మాట బంగారం. అయితే అక్కడి నుంచే మనలో ఒక ధీమా పాతుకుపోయిందేమో: నాగలి లోతుకి పోతుంది కాబట్టి దోషి, హారో పైపైన పోతుంది కాబట్టి అమాయకురాలు అని. వేళ్ళ పోగులు, వానపాముల మేత, గుళికల జిగురు, మొలకెత్తే గింజ అన్నీ ఉండేది ఆ పైపైనే.

తడి గురించి చెప్పకపోతే ఇదంతా సగం మాటే. నాలుగో సాలు కన్నా ఎక్కువ నష్టం చేసేది పదును కాని పదునులో తోలిన ఒక్క సాలు. పైన ఆరింది కదా అని ట్రాక్టరు దింపుతాం. నాలుగంగుళాల కింద ఇంకా జిగటగా ఉంటుంది. డిస్కు అంచు అక్కడ మట్టిని కోయదు, కత్తితో వెన్న రాసినట్టు రుద్దుతుంది. ఆ రాపిడికి సందులన్నీ మూసుకుని నున్నటి పొర తయారవుతుంది. డిస్కు బరువంతా ఆ సన్నని అంచుల మీదే ఆని ఉంటుంది కాబట్టి కింద అదుముడు కూడా ఎక్కువే. ఏటా అదే లోతున తోలితే ఆ పొర గట్టి పలకలా మారుతుంది. పైన గుల్లగా, కింద పలకలా ఉన్న నేలలో వేరు దిగుతూ దిగుతూ హఠాత్తుగా అడ్డం తిరుగుతుంది. పొద్దుతిరుగుడు మొక్కని పీకి చూస్తే తల్లివేరు మోచేయి వంచినట్టు పక్కకి మళ్ళి ఉంటుంది. నేను పీకిన వాటిలో మూడొంతులు అలాగే ఉన్నాయి.

దీనికి పరీక్ష చాలా చిన్నది. డిస్కు వెళ్ళే లోతు నుంచి పిడికెడు మట్టి తీసి, రెండు చేతుల మధ్య పెట్టి నులమండి. సుమారు మూడు మిల్లీమీటర్ల సన్నని పురిలా సాగితే తోలకూడదు. పురి రాకుండా ముక్కలు ముక్కలుగా విరిగితే పదును కుదిరినట్టు. రాయిలా గట్టిగా ఉండి నులమడానికే రాకపోతే మరీ ఎండిపోయింది, అప్పుడు తోలితే బెడ్డ విరగదు, అంచులు అరిగి దుమ్ము లేస్తుంది. ఈ రెండు హద్దుల మధ్య దొరికే రోజులు ఇసుక కలిసిన నేలలో చాలానే, బంకనేలలో రెండో మూడో. సరైన పదునులో బెడ్డ తన సహజమైన బీటల వెంట విడిపోతుంది, ఒక సాలుతో అయ్యే పని మరో రోజున మూడు సాళ్ళకీ కాదు. ఆ రెండు మూడు రోజులకి ట్రాక్టరు దొరకకపోవడమే అసలు బాధ అని తెలుసు. నేనూ అద్దె ట్రాక్టరు మీద ఆధారపడ్డవాణ్ణే. అయినా చెబుతున్నాను, తడిలో తోలించడం కన్నా విత్తడం నాలుగు రోజులు వెనక్కి జరగడమే నయం. ఆలస్యం ఆ ఒక్క పంటది, గట్టి పలక మాత్రం పంట పంటకీ అడ్డు తగులుతుంది.

చక్రాల సంగతి కూడా ఉంది. గుల్ల చేసిన మట్టి మీద చక్రం పడితే గట్టి మట్టి మీద కన్నా ఎక్కువ కుంగుతుంది, ఆ కుంగుడులో ఎక్కువ భాగం మొదటి తొక్కుడులోనే జరిగిపోతుంది. ప్రతి సాలుకీ వేరే దారిన తోలితే చేలో చక్రం తొక్కని జాగా అంటూ మిగలదు. వేగం మాట కూడా ఇందులోనే: వేగం రెట్టింపైతే పళ్ళేం మట్టిని కొట్టే శక్తి నాలుగింతలవుతుంది. నిదానంగా తోలమని అడగడానికి మొహమాటపడకండి. వాలు నేలల్లో ఇంకో నష్టం ఉంది, వాన లేకుండానే హారో ప్రతిసారీ కొంత మట్టిని పల్లానికి జరుపుతుంది. మెరక మీద నేల పాలిపోయి, పైరు పొట్టిగా ఉంటే దానికి ఏళ్ళ తరబడి జరిగిన ఆ జరుపుడు కూడా కారణం కావచ్చు.

ఇంత చెప్పాక, అయితే దున్నడమే మానేయమంటావా అని అడిగేవాళ్ళుంటారు. అసలు నేలని కదపకూడదని, మోళ్ళ మధ్యే విత్తాలని చెప్పే మిత్రులు నాకున్నారు. వాళ్ళ చేలల్లో మట్టి నా చేలో మట్టి కన్నా బాగుందని కళ్ళారా చూశాను. వానపాముల విసర్జన కుప్పలు కాలు పెడితే తగిలేన్ని ఉన్నాయి. వానపాములు ఎకరాకి ఏడాదికి పది టన్నులకి పైగా మట్టిని పైకి తెచ్చి పోస్తాయని 1881లో డార్విన్ లెక్కకట్టిన చోట్లున్నాయి. ఆ పనివాళ్ళని డిస్కుతో కోసి, వాళ్ళ మేతని పాతిపెట్టి, తర్వాత అదే పనికి డీజిలు పోయడం నాకూ బాధగానే ఉంటుంది.

కానీ ఆ చేలల్లో చాలావాటిలో కలుపుని చంపుతున్నది గడ్డిమందు. 1974లో గ్లైఫోసేట్ అనే గడ్డిమందు మార్కెట్లోకి వచ్చాకే దున్నని సేద్యం అంత విస్తారంగా సాగింది. మందు లేకుండా దున్నని సేద్యం చేసేవాళ్ళూ ఉన్నారు, నేలని కప్పి ఉంచే దట్టమైన కప్పు పంట పెంచి, దాన్ని పడగొట్టి అందులో విత్తుతారు. అది నేర్పుతో కూడిన పని, తడి బాగా దొరికే చోట్ల చేయగలిగేది. మందు చల్లడం ఇష్టం లేని, కప్పు పంటకి నీళ్ళు లేని మనిషికి చేతిలో మిగిలేది పైపైన తోలే దంతె, గుంటకే. ఆ మనిషి తరఫున నేను మాట్లాడుతున్నాను. హారోని పారేయమని నేను అనను.

కలుపు మీద హారో చేసే పని సరైన రోజున చేస్తే అద్భుతం. కలుపు గింజ మొలకెత్తి, ఆకు ఇంకా నేల పైకి రాకముందు తెల్లటి దారంలా ఉండే దశ ఒకటుంది. అప్పుడు చేలోకి వెళ్తే ఏమీ కనిపించదు. వేలితో అంగుళం మట్టి పక్కకి తీస్తే దారాలు దారాలుగా కనిపిస్తాయి. ఆ రోజున పొడి వాతావరణంలో తేలిక దంతె ఒక్కసారి, అర అంగుళం నుంచి అంగుళం లోతు తోలితే ఎండే మిగతా పని చేస్తుంది. పంట గింజ రెండంగుళాల కింద ఉంటే, అది మొలిచే లోపు దాని మీదుగానే తోలుకోవచ్చు. నాలుగు ఆకులు వచ్చిన కలుపు మీద అదే దంతె పదిసార్లు తోలినా సగం కూడా చావదు. అంటే కలుపు విషయంలో కూడా సాళ్ళ లెక్క కన్నా రోజు లెక్కే ముఖ్యం.

ఇక లోతు. నేలలో పాతుకుపోయి నిద్రపోతున్న కలుపు గింజలు చాలావాటికి క్షణకాలం వెలుగు తగిలినా చాలు, లేస్తాయి. ప్రతి సాలూ కొన్ని గింజల్ని వెలుగులోకి తిప్పి, మళ్ళీ కప్పుతుంది. లోతుగా తోలినకొద్దీ కొత్త గింజలు. తెలిసి చేస్తే అదీ ఉపాయమే: దుక్కి సిద్ధం చేసి, వాన పడి కలుపు లేచేదాకా విత్తకుండా ఆగి, అప్పుడు పైపైన ఒకసారి తోలి చంపి, వెంటనే విత్తడం. ఆ రెండో తోలకం మొదటిదాని కన్నా లోతుగా పోయిందా, చేసిందంతా వృథా.

గరిక, తుంగ ఉన్న చేలో డిస్కు దింపడం గురించి మాత్రం నాకు రెండో మాట లేదు. చేయొద్దు. గరిక తీగ కణుపు కణుపుకీ బతుకుతుంది. డిస్కు దాన్ని ముక్కలు ముక్కలుగా నరికి చేనంతా పంచుతుంది, ప్రతి ముక్కా ఒక విత్తనమే. తుంగ గడ్డలు నేలలో గొలుసులా కట్టుకుని ఉంటాయి. గొలుసు తెగనంతవరకు చాలా గడ్డలు నిద్రలో ఉంటాయి, తెగితే విడివిడిగా అన్నీ లేస్తాయి. ఒక మూల జానెడు చోట ఉన్న తుంగ రెండేళ్ళలో చేనంతా పాకిందంటే దాన్ని మోసుకెళ్ళింది డిస్కే. ఈ కలుపుకి స్ప్రింగు పళ్ళ హారో కావాలి. ఎండాకాలంలో, నేల పొడిగా ఉన్నప్పుడు, తెంచకుండా పొడవుగా లాగి పైకి తెచ్చి ఎండకి వదిలేయాలి. పోగేసి బయటికి మోస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు నా చేలో పద్ధతి మార్చుకున్నాను. ట్రాక్టరు లోపలికి రాకముందే అడుగుతాను, ఈ సాలు దేనికి? బెడ్డ చిదపడానికా, కలుపుకా, మోళ్ళు కలపడానికా, చదునుకా? జవాబు ఒక్క మాటలో రాకపోతే వద్దంటాను. మోళ్ళు పైన కొంతైనా కనిపించేలా వదులుతాను. విత్తనం పడే వరసలో మాత్రమే మట్టి సన్నగా ఉంటే సరిపోతుంది, వరసల మధ్య మట్టి గరుకుగా ఉంటేనే వాన నిలుస్తుంది. అందుకే చేనంతా చిదపకుండా విత్తే గొర్రు ముందు మాత్రం బెడ్డలు తొలగేలా చిన్న ఏర్పాటు చేసుకున్నాను. నువ్వులు, ఉల్లి లాంటి సన్న గింజలకి ఇది ఎంతవరకు పనికొస్తుందో ఇంకా తేల్చుకోలేదు, వాటికి మూడో సాలు తోలుతూనే ఉన్నాను.

నాన్నకి ఈ బెడ్డల చేను నచ్చలేదు. "చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు మొదట. నేను వాదించలేదు. చేనుని సగానికి గుర్తు పెట్టి, ఒక వైపు రెండు సాళ్ళు, రెండో వైపు ఆయన ఇష్టప్రకారం నాలుగు తోలించాను. ఈసారి విత్తాక వాన తుంపరగా పడింది, పెచ్చు కట్టలేదు. మొలక రెండు వైపులా ఒక్కలాగే వచ్చింది. నా మాట నెగ్గిందని చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

పైరు మోకాలెత్తు ఉన్నప్పుడు ఒక రాత్రి పెద్ద వాన కురిసింది. తెల్లారి ఇద్దరం వెళ్ళాం. నాలుగు సాళ్ళ వైపు తూములోంచి నీళ్ళు ఇంకా పారుతున్నాయి, చిక్కగా, చేను రంగులోనే. రెండు సాళ్ళ వైపు తూము దగ్గర నేల తడిగా ఉంది, పారకం లేదు. నాన్న వంగి, పారుతున్న నీళ్ళలో చేయి పెట్టి, వేళ్ళ మధ్య మిగిలిన మట్టిని బొటనవేలితో రుద్ది చూసుకున్నాడు. చాలా మెత్తగా ఉందది. చేయి తుడుచుకోకుండానే గట్టు ఎక్కి, వచ్చే దుక్కికి ట్రాక్టరు అబ్బాయితో తను మాట్లాడతానన్నాడు.